టర్బో యంత్రం: శక్తికీ పొదుపుకీ పొత్తు కుదిరిందా?

“అవ్వా కావాలి, బువ్వా కావాలి” అని మన తెలుగునాట ఒక సామెత ఉన్నది. ఒకదానికొకటి పొసగని రెండు కోరికలను ఏకకాలంలో కోరేవారిని గురించి పెద్దలు ఈ మాట అంటూ ఉంటారు. మోటారు వాహనాల చరిత్రలో ఈ సామెతకు సరిపోయే కోరిక ఒకటి మొదటినుండీ ఉన్నది. కారు విశాలంగా, సుఖప్రదంగా, వేగవంతంగా ఉండాలి. కాని అది త్రాగే ఇంధనం మాత్రం స్వల్పంగా ఉండాలి. శక్తి కావాలన్నవారు పొదుపును వదులుకోవడం, పొదుపు కావాలన్నవారు శక్తిని వదులుకోవడం చిరకాలంగా సాగుతూ వచ్చిన ఆచారం.

గడచిన కొన్ని సంవత్సరాలుగా ఖరీదైన సెడాన్ కార్లను నిర్మించే సంస్థలు ఈ రెండు కోరికలనూ ఒకే యంత్రంలో తీర్చగలిగామని చెబుతున్నాయి. అందుకు సాధనంగా అవి చూపుతున్నది టర్బోచార్జరు అనే చిన్న పరికరం. ఈ మాటలో సత్యమెంత? పొదుపు నిజంగా వస్తున్నదా? వస్తే ఎక్కడినుండి వస్తున్నది? చివరకు అది ఎవరి పాలవుతున్నది? భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఈ ప్రశ్నలు కేవలం ధనికుల వాహనాలకు సంబంధించినవి కావు. శక్తి నిత్యత్వ నియమాన్ని, వాయువుల ధర్మాలను, ఘర్షణను, చివరకు మానవ స్వభావాన్ని కూడా ఒకేచోట పరిశీలించడానికి ఇవి అవకాశం కలిగిస్తాయి.

ఇంజను శ్వాస

కారు పెట్రోలుతో నడుస్తుందని వాడుకగా అంటాము. ఇది సగం నిజం. ఒక గ్రాము పెట్రోలు సంపూర్ణంగా దహనం చెందాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి అవసరం. అనగా ఇంజనులోకి ప్రవేశించే పదార్థంలో అధికభాగం గాలియే. పెట్రోలు ద్రవం కాబట్టి కొద్ది చోటులో ఇముడుతుంది. దానిని ఎంత కావలసివస్తే అంత సిలిండరులోనికి చిమ్మవచ్చును. గాలి అట్లా కాదు. అది తేలికైనది, ఎక్కువ చోటు ఆక్రమించేది. కాబట్టి ఒక ఇంజను ఎంత శక్తిని ఇవ్వగలదన్నది అది ఎంత గాలిని పీల్చుకోగలదన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

చిన్న లెక్క ఒకటి వేసి చూద్దాము. రెండు లీటర్ల ఇంజను అంటే, దాని సిలిండర్లన్నిటిలో పిస్టన్లు కదలాడే చోటు మొత్తం కలిపి రెండు లీటర్లు అని అర్థం. కార్లలో సాధారణంగా ఉండే ఫోర్‌స్ట్రోక్ ఇంజను రెండు చుట్లు తిరిగినప్పుడు ఒకసారి ఆ రెండు లీటర్ల గాలిని పీల్చుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 1,500 సార్లు పీల్చుతుంది. అనగా నిమిషానికి 3,000 లీటర్ల గాలి. లీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 గ్రాములు. కనుక మొత్తం 3,600 గ్రాములు. దీనిని 14.7 చేత భాగిస్తే సుమారు 245 గ్రాములు వస్తుంది. ఆ వేగంలో ఆ ఇంజను కాల్చగలిగిన పెట్రోలు ఇంతే. ఎంత నిపుణుడైన డ్రైవరైనా, ఎంత గట్టిగా పెడలు నొక్కినా, ఇంతకంటె ఎక్కువ పెట్రోలును ప్రయోజనకరంగా మండించడం సాధ్యం కాదు.

మరి శక్తిని పెంచడమెట్లా? మార్గాలు మూడే ఉన్నాయి. మొదటిది, ఇంజను పరిమాణాన్ని పెంచడం. రెండవది, దానిని మరింత వేగంగా తిప్పడం. మూడవది, అదే చోటులో మరింత దట్టమైన గాలిని కూరడం. ఖరీదైన కార్లు చాలా కాలం మొదటి మార్గాన్నే అనుసరించాయి. ఆరు సిలిండర్లు, ఎనిమిది సిలిండర్లు, పన్నెండు సిలిండర్లు గల ఇంజన్లు హోదాకు చిహ్నాలైనాయి. టర్బోచార్జరు మూడవ మార్గానికి చెందినది.

వ్యర్థం నుండి ప్రయోజనం

గాలిని ఒత్తిడితో పంపడానికి పంపు కావాలి. పంపును తిప్పడానికి శక్తి కావాలి. ఆ శక్తిని ఇంజను ఇరుసు నుండే బెల్టు ద్వారా తీసుకొనే ఏర్పాటును సూపర్‌చార్జరు అంటారు. అందులో ఇంజను తన సంపాదనలో కొంత తానే ఖర్చు పెట్టుకోవలసి ఉంటుంది. ఇంతకంటె మంచి దారి ఉన్నదని గ్రహించినవాడు స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి అనే ఇంజనీరు. ఇంజనులో కాలిన ఇంధనపు ఉష్ణశక్తిలో ఇంచుమించు మూడవవంతు పొగగొట్టం గుండా వ్యర్థంగా పోతున్నది. ఆ వేడివాయువులు వేగంగా బయటకు దూసుకువచ్చే దారిలో ఒక చక్రాన్ని అమర్చి, దాని ఇరుసు రెండవ కొనకు మరొక చక్రాన్ని బిగిస్తే, మొదటి చక్రం పొగవల్ల తిరుగుతుంది, రెండవ చక్రం గాలిని ఇంజనులోనికి నెట్టుతుంది. 1905లో బ్యూఖి పొందిన పేటెంటులోని మూలసూత్రం ఇదే. ఇరవై సంవత్సరాలు కృషి చేసిన తరువాత, 1925 ప్రాంతంలో, పెద్ద డీజిలు ఇంజన్లపై ఈ పద్ధతి జయప్రదమైనది.

ఈలోగా అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఈ సూత్రానికే మరొక ఉపయోగం చూపించాడు. విమానం ఎత్తుకు ఎగిరినకొద్దీ గాలి పలుచబడి ఇంజను నీరసిస్తుంది. 1918లో మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజనును కొలరాడో రాష్ట్రంలోని పైక్స్ పీక్ అనే పర్వతంపైకి, 14,000 అడుగులకు పైబడిన ఎత్తుకు చేర్చి పరీక్షించాడు. సముద్రమట్టం వద్ద సుమారు 350 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజను, టర్బోచార్జరు సాయంతో ఆ శిఖరంపై కూడా దాదాపు అంతే శక్తిని ఇచ్చినది.

మన ప్రాంతంవారికి కూడా ఈ పరికరం క్రొత్తది కాదు. విలాసపు కార్లలో దానిని చూడడానికి ఎంతో ముందే రైలుపట్టాలపై దానిని విన్నాము. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో 1964 నుండి తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 రైలింజనులో 16 సిలిండర్ల, 2,600 అశ్వశక్తి గల ఆల్కో ఇంజను ఉండేది. దానికి టర్బోచార్జరు ఉండేది. కాజీపేట, గుత్తి షెడ్లకు చెందిన ఈ రైలింజన్లు దశాబ్దాల తరబడి మన ప్రయాణికులను, మన బొగ్గును, మన ధాన్యాన్ని మోశాయి. బండి కదిలే వేళ ఆ ఇంజను నుండి నల్లని పొగ గుప్పున లేవడం చాలామంది చూసి ఉంటారు. ఆ పొగలో ఒక పాఠం ఉన్నది. దానిని ముందు ముందు చెప్పుకొందాము.

కారులోని టర్బోచార్జరు అరచేతిలో ఇమిడేటంత చక్రాలతో పని చేస్తుంది. కాని దాని బ్రతుకు ఎంతో కఠినమైనది. పెట్రోలు ఇంజనులో దాని ఒక కొనకు 900 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడివాయువులు తగులుతూ ఉంటాయి. ఒక జానెడు దూరంలోని రెండవ కొన బయటి చల్లని గాలిని పీల్చుతూ ఉంటుంది. ఇంజను నిమిషానికి ఆరేడువేల చుట్లు తిరిగితేనే మనం వేగమంటాము; ఈ ఇరుసు నిమిషానికి లక్షన్నరకు పైగా చుట్లు తిరుగగలదు. అంత వేగంలో దానిని నిలబెట్టేది పలుచని నూనె పొర మాత్రమే. గాలిని అదిమినప్పుడు అది వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి మళ్లీ పలుచబడుతుంది. కనుక ఇంజనులోనికి పంపేముందు దానిని చల్లబరచడానికి ఇంటర్‌కూలరు అనే రేడియేటరువంటి పరికరాన్ని అమరుస్తారు.

పొదుపు ఎక్కడినుండి వస్తుంది?

ఇక్కడ చాలామందికి ఒక భ్రమ కలుగుతుంది. వ్యర్థమయ్యే పొగతో పనిచేస్తున్నది కాబట్టి టర్బోచార్జరు పెట్రోలును ఆదా చేస్తుందని వారు అనుకొంటారు. పైన వేసిన లెక్కను మళ్లీ చూడండి. టర్బోచార్జరు గాలి సాంద్రతను రెట్టింపు చేసిందనుకొందాము. అప్పుడు 3,600 గ్రాములకు బదులు 7,200 గ్రాముల గాలి వస్తుంది. దానితోపాటు పెట్రోలు కూడా 245 గ్రాములకు బదులు 490 గ్రాములు కావలసివస్తుంది. రెట్టింపు శక్తికి ఇంచుమించు రెట్టింపు ఇంధనం. ఇందులో పొదుపు ఎక్కడిది? టర్బోచార్జరు స్వయంగా పొదుపరి కాదు. అది చిన్న ఇంజనుకు, అవసరమైన కొద్ది క్షణాలు, పెద్ద ఇంజను బలాన్ని అరువిస్తుంది. పొదుపు వచ్చేది ఇంజను చిన్నది కావడం వల్ల.

అది ఎట్లాగో చూద్దాము. రెండు టన్నుల బరువుగల పెద్ద సెడాన్ కారు సమతలమైన రోడ్డుపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. టైర్ల దొర్లుడు నిరోధం సుమారు 200 న్యూటన్లు. గాలిని చీల్చుకొనిపోయే ఆకృతి కలిగిన నేటి కార్లకు ఆ వేగంలో గాలి నిరోధం సుమారు 180 న్యూటన్లు. మొత్తం 380 న్యూటన్లు. ఆ వేగం సెకనుకు 22.2 మీటర్లు. ఈ రెంటినీ హెచ్చిస్తే సుమారు 8,400 వాట్లు, అనగా 11 అశ్వశక్తికి కొంచెం ఎక్కువ. పళ్లచక్రాలలోని నష్టాలు, ఎయిర్‌కండిషనరు, దీపాలు అన్నీ కలుపుకొన్నా పదిహేను అశ్వశక్తికి అటూ ఇటూ. ఆ కారు ముందుభాగంలో ఉన్నదేమో 400 అశ్వశక్తి ఇంజను! అనగా ప్రయాణకాలంలో అధికభాగం ఆ ఇంజను తన బలంలో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే వినియోగిస్తున్నది.

మిగిలిన బలం ఊరకే ఉంటే బాధ లేదు. కాని అది ఊరకే ఉండదు. గడ్డిమోపు ఒకటి ఉన్న బండికి పది జతల ఎడ్లను కట్టినట్లు ఉంటుంది ఈ వ్యవహారం. ఎడ్లు లాగినా లాగకపోయినా వాటికి మేత తప్పదు. ఎనిమిది సిలిండర్లలో ఎనిమిది పిస్టన్లు, వాటి రింగులు, బేరింగులు, కవాటాల స్ప్రింగులు అన్నీ ఘర్షణను అధిగమించడానికి ఇంధనాన్ని తింటాయి. అంతేకాదు. పెట్రోలు ఇంజనులో శక్తిని తగ్గించడానికి గాలిదారిలోని థ్రాటిల్ అనే పలకను మూస్తారు. దాదాపు మూసి ఉన్న ఆ దారి గుండా పిస్టన్లు గాలిని లాగడానికి శ్రమపడవలసి ఉంటుంది. ముక్కు మూసుకొని ఊపిరి పీల్చేవాని అవస్థ వంటిది అది. పెద్ద ఇంజను చిన్న పని చేసినప్పుడు ఈ రెండు నష్టాలూ హెచ్చుతాయి.

ఇంజను పరిమాణం సగమైతే ఘర్షణ తగ్గుతుంది. అదే పనికి థ్రాటిల్ ఎక్కువగా తెరుచుకొంటుంది. ఇంజను తన బలంలో పెద్దపాలు వినియోగిస్తూ మెరుగైన దక్షతతో పనిచేస్తుంది. ఎదుటి బండిని దాటవలసివచ్చినప్పుడు, ఘాటు ఎక్కవలసివచ్చినప్పుడు టర్బోచార్జరు గాలిని కూరి లోటును పూరిస్తుంది. అదీగాక, టర్బో ఇంజను తన తిప్పుబలాన్ని, అనగా టార్కును, తక్కువ వేగంలోనే ఇవ్వగలదు. 2011లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన 328ఐ కారులో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను స్థానంలో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనును ప్రవేశపెట్టినది. అది 245 అశ్వశక్తిని, నిమిషానికి 1,250 చుట్ల వద్దనుండే 350 న్యూటన్ మీటర్ల టార్కును ఇచ్చేది. తక్కువ చుట్లలో బలం దొరికితే పై గేరులో నెమ్మదిగా తిరుగుతూ పోవచ్చును. నెమ్మదిగా తిరిగిన ఇంజనులో ఘర్షణ నష్టం తక్కువ.

ఆటంకాలు, ఉపాయాలు

ఇంత సుళువైతే ఈ మార్పు 1962లోనే జరిగి ఉండవలసినది. ఆ సంవత్సరమే అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కోర్వేర్ మాంజా స్పైడర్ అనే కార్లు టర్బోచార్జర్లతో విపణిలోకి వచ్చాయి. కాని ఆ పద్ధతి అప్పుడు వ్యాపించలేదు. కారణం రెండు మొండి ఆటంకాలు.

మొదటిది ఆలస్యం. రైలింజను నల్లపొగ ఈ ఆలస్యానికే సాక్ష్యం. డ్రైవరు నాచ్ పెంచగానే ఇంధనం వెంటనే అందేది. కాని టర్బో చక్రం వేగం పుంజుకొని గాలిని పంపడానికి కొంత వ్యవధి పట్టేది. గాలి చాలని ఇంధనం సగం కాలి మసిగా వెలువడేది. పెట్రోలు కారులో పొగ రాదు, కాని పెడలు నొక్కిన తరువాత క్షణకాలం ఏమీ జరగక, ఆ పిమ్మట బలం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మృదువైన నడకను కోరి డబ్బు వెచ్చించే సెడాన్ యజమానికి ఇది రుచించదు.

రెండవది నాకింగ్. గాలిని మరీ ఎక్కువగా అదిమితే, నిప్పురవ్వ అందక ముందే లేదా మంట వ్యాపించే లోపలే, మిశ్రమం తనంత తానుగా పేలుతుంది. పిస్టనును సుత్తితో మోదినట్లు శబ్దం వస్తుంది, ఇంజను పాడవుతుంది. జెట్‌ఫైరులో దీనిని నివారించడానికి నీరు, మిథనాలు కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి పోయే గాలిలో చిమ్మవలసివచ్చేది. యజమానులు ఆ ద్రవాన్ని ఎప్పటికప్పుడు పోస్తూ ఉండాలి.

స్వీడనుకు చెందిన సాబ్ సంస్థ ఈ రెండు ఆటంకాలపైనా శ్రద్ధ చూపినది. 1977లో ప్రదర్శించిన సాబ్ 99 టర్బోలో చిన్న టర్బోచార్జరును వాడి, పొగ మరీ హెచ్చినప్పుడు దానిని ప్రక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ అనే కవాటాన్ని అమర్చారు. దానివల్ల టర్బో తక్కువ వేగంలోనే మేల్కొనేది. తరువాత, 1980 దశకం మొదట్లో, అదే సంస్థ నాకింగును ఒక గ్రాహకంతో పసిగట్టి, గాలి ఒత్తిడిని తక్షణం తగ్గించే ఎలక్ట్రానిక్ ఏర్పాటును కార్లలో ప్రవేశపెట్టినది. ఇంజనుకు చెవి వచ్చినదన్నమాట. పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే పద్ధతి ప్రచారంలోకి వచ్చిన తరువాత మరొక మేలు కలిగినది. చిమ్మిన పెట్రోలు ఆవిరి అవుతూ సిలిండరులోని గాలిని చల్లబరుస్తుంది. కుండ చెమర్చినప్పుడు లోపలి నీరు చల్లబడుతుందే, అదే సూత్రం. దానితో నాకింగు వెనుకంజ వేసినది.

ఒక వంశం కథ

ఈ పరిణామమంతటినీ ఒకే కారు వంశంలో చూడవచ్చును. అది జర్మనీకి చెందిన మెర్సిడెస్ బెంజ్ ఎస్-క్లాస్.

1973లో చమురు సంక్షోభం వచ్చినది. 1975లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసినది. దాని ప్రకారం ప్రతి సంస్థా తాను అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వినియోగాన్ని 1978 మోడలు సంవత్సరం నుండి క్రమంగా మెరుగుపరచి, 1985 నాటికి గ్యాలనుకు 27.5 మైళ్లకు, అనగా లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లకు తేవాలి. పెద్ద కార్లు మాత్రమే అమ్మే సంస్థకు ఇది గొంతుమీద కత్తి వంటిది. అందుకు సమాధానంగా 1978లో అమెరికా విపణి కొరకు వచ్చిన కారే 300 ఎస్.డి. మూడు లీటర్ల, ఐదు సిలిండర్ల డీజిలు ఇంజను అది. టర్బోచార్జరు లేకుండా 80 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజను, టర్బోచార్జరుతో 110 పైచిలుకు ఇచ్చినది. టర్బో డీజిలు ఇంజనుతో అమ్మకానికి వచ్చిన తొలి సెడాన్ కారు ఇదే. చట్టం పుట్టించిన పొదుపు ఇది.

తరువాత 2005లో వచ్చిన ఎస్ 500ను చూద్దాము. టర్బోచార్జరు లేని 5,461 ఘనపు సెంటీమీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, 388 అశ్వశక్తి, 530 న్యూటన్ మీటర్ల టార్కు. 2010–11లో అదే పేరుగల కారుకు 4,663 ఘనపు సెంటీమీటర్ల, రెండు టర్బోచార్జర్ల ఇంజను వచ్చినది. 435 అశ్వశక్తి, 700 న్యూటన్ మీటర్లు. 2017లో అదే పేరుకు 2,999 ఘనపు సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజను వచ్చినది; మళ్లీ 435 అశ్వశక్తి, 520 న్యూటన్ మీటర్లు. పన్నెండు సంవత్సరాలలో ఇంజను పరిమాణం నూటికి 45 పాళ్లు తగ్గినది. లీటరుకు 71 అశ్వశక్తి ఉండినది 145 అయినది.

ఆ 2017 ఇంజనులో ఆలస్యానికి క్రొత్త మందు కనుగొన్నారు. 48 వోల్టుల విద్యుత్తుతో తిరిగే అదనపు గాలిపంపు ఒకటి అందులో ఉన్నది. అది సెకనులో మూడవవంతుకంటె తక్కువ కాలంలో నిమిషానికి 70,000 చుట్ల వేగాన్ని అందుకొని, పెద్ద టర్బోచార్జరు మేల్కొనేదాకా గాలిని అందిస్తుంది. ఇంజనుకూ గేరుపెట్టెకూ నడుమ అమర్చిన విద్యుత్ మోటారు కూడా తోడ్పడుతుంది. 2022లో అదే సంస్థ ప్రకటించిన సి 63 కారులో ఈ ఆలోచన మరొక మెట్టు ఎక్కినది. అక్కడ విద్యుత్ మోటారును టర్బోచార్జరు ఇరుసుకే అమర్చారు. రెండు లీటర్లైనా లేని ఆ నాలుగు సిలిండర్ల ఇంజను తానొక్కటే 476 అశ్వశక్తి ఇస్తుంది.

ఈ వంశంలోనే వేరొక దారి పట్టిన కారు కూడా ఉన్నది. 2011లో వచ్చిన ఎస్ 250 సి.డి.ఐ. అనే కారులో ఎస్-క్లాస్ చరిత్రలో మొదటిసారిగా నాలుగు సిలిండర్ల ఇంజనును పెట్టారు. 2,143 ఘనపు సెంటీమీటర్ల డీజిలు. చిన్నదొకటి, పెద్దదొకటి వరుసగా పనిచేసే రెండు టర్బోచార్జర్లు. 204 అశ్వశక్తి, 500 న్యూటన్ మీటర్లు. సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం వంద కిలోమీటర్లకు 5.7 లీటర్లు, అనగా లీటరుకు సుమారు 17.5 కిలోమీటర్లు. అంతటి పెద్ద కారుకు అది సామాన్యమైన విషయం కాదు.

ఈసారి కూడా వెనుక ఉండి నెట్టినవి ప్రభుత్వ నిబంధనలే. ఐరోపా సమాజం 2009లో చేసిన నిబంధన ప్రకారం క్రొత్త కార్ల సగటు బొగ్గుపులుసు వాయువు 2015 నాటికి కిలోమీటరుకు 130 గ్రాములకు తగ్గాలి. ఆ తరువాతి లక్ష్యం 95 గ్రాములు. చైనాలో 2008 నుండి నాలుగు లీటర్లకు మించిన ఇంజను గల కార్లపై నూటికి 40 చొప్పున వినియోగపు పన్ను విధించారు. ఈ రెండు విధానాలకూ తేడా ఉన్నది. మొదటిది వెలువడే వాయువును కొలిచినది. రెండవది ఇంజను పరిమాణాన్ని కొలిచినది. పరిమాణాన్ని కొలిస్తే తగ్గేది పరిమాణమే. ఇంధనం తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును.

పరీక్షశాల, రహదారి

ప్రకటించిన పొదుపు రోడ్డుపై దొరుకుతున్నదా అనేది తరువాతి ప్రశ్న. ఐరోపాలో చాలా కాలం వాడిన ఎన్.ఇ.డి.సి. అనే పరీక్షలో కారు రోలర్లపై ఇరవై నిమిషాలలో 11 కిలోమీటర్లు నడిచేది. నిలిచిన కారు గంటకు 50 కిలోమీటర్ల వేగాన్ని అందుకోవడానికి 26 సెకన్ల గడువు ఇచ్చేవారు. ఎవరూ అంత మెల్లగా బండి నడపరు. అటువంటి సౌమ్యమైన పరీక్షలో చిన్న టర్బో ఇంజను తన టర్బోను దాదాపు ముట్టుకోకుండానే గట్టెక్కుతుంది. చిన్న ఇంజను లాభమంతా లెక్కకు వస్తుంది; టర్బో ఖర్చు లెక్కకు రాదు.

రోడ్డుపై కథ వేరు. యజమాని శక్తికి డబ్బు చెల్లించినాడు, దానిని చవిచూడాలనుకొంటాడు. పెడలు గట్టిగా నొక్కితే గాలి రెట్టింపు, పెట్రోలు రెట్టింపు. అంతేకాదు. పొగ వేడికి టర్బైను కరిగిపోకుండా చల్లబరచడానికి అవసరానికి మించిన పెట్రోలును చిమ్మే ఏర్పాటు కూడా చాలా ఇంజన్లలో ఉన్నది. నాకింగును ఆపడానికి నిప్పురవ్వను ఆలస్యం చేయడంవల్ల దక్షత మరికొంత తగ్గుతుంది. ఆ సమయంలో చిన్న టర్బో ఇంజను పెద్ద ఇంజనుకంటె మితాహారి కాదు. ఒక్కొక్కప్పుడు దానికంటె తిండిపోతు. ఐ.సి.సి.టి. అనే పరిశోధన సంస్థ పరిశీలన ప్రకారం, ఐరోపాలో ప్రకటించిన వినియోగానికీ రోడ్డుపై వినియోగానికీ మధ్య తేడా 2001లో సుమారు 9 శాతం ఉండగా, 2015 నాటికి సుమారు 40 శాతానికి పెరిగినది. దీనికి టర్బో ఒక్కటే కారణం కాదు. పరీక్షలోని లొసుగులను వాడుకొనే నేర్పు సంస్థలకు పెరగడం పెద్ద కారణం. 2017 నుండి ఐరోపాలో డబ్ల్యు.ఎల్.టి.పి. అనే క్రొత్త పరీక్షను ప్రవేశపెట్టారు. అందులో ముప్పై నిమిషాలు, 23 కిలోమీటర్లు, ఎక్కువ వేగాలు, చురుకైన నడక ఉంటాయి.

ఇందువల్ల టర్బో ఇంజను మోసమని చెప్పడం న్యాయం కాదు. అది శక్తినీ ఇస్తుంది, పొదుపునూ ఇస్తుంది. కాని రెండింటినీ ఒకే క్షణంలో ఇవ్వదు. ఏ క్షణంలో ఏది కావాలో నిర్ణయించేది డ్రైవరు పాదం.

మిగులు ఎవరి పాలు?

ఎస్ 500 అంకెలను మరొకసారి చూడండి. ఇంజను 45 శాతం తగ్గినది, కాని అశ్వశక్తి 388 నుండి 435కు పెరిగినది. ఇంజనీర్లు కష్టపడి సాధించిన మిగులులో కొంత పొదుపుకు పోయినది, కొంత శక్తికి పోయినది. ఎస్ 250 సి.డి.ఐ. విషయంలో ఆ మిగులులో పెద్దపాలు పొదుపుకే పోయినది. పరికరం ఒక్కటే, శాస్త్రసూత్రం ఒక్కటే, తయారుచేసిన సంస్థ ఒక్కటే. పంపకం మాత్రం వేరు. ఈ పంపకం యంత్రశాస్త్రం చేసేది కాదు. కొనేవాడు, అమ్మేవాడు, చట్టం చేసేవాడు కలిసి చేసేది.

ఈ సంగతిని ఇంగ్లండుకు చెందిన ఆర్థికశాస్త్రవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ 1865లోనే బొగ్గు విషయంలో గుర్తించాడు. ఆవిరి యంత్రం దక్షత పెరిగినకొద్దీ బొగ్గు వాడకం తగ్గలేదు. బొగ్గుతో పని చౌక కావడంవల్ల వాడకం ఇంకా పెరిగినది. దక్షత పెరిగినంత మాత్రాన పొదుపు తనంత తాను రాదు. దక్షత ఒక అవకాశం. పొదుపు ఒక నిర్ణయం.

విద్యార్థి మిత్రులలో పలువురు రేపు ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, వ్యాపారులు, అధికారులు కాగలరు. ఏ యంత్రాన్ని గురించి ఏ ప్రకటన చదివినా మూడు ప్రశ్నలు వేసుకొనడం అలవాటు చేసుకోవలసి ఉన్నది. ఈ అంకెను ఏ పరిస్థితిలో కొలిచారు? ఈ లాభానికి బదులుగా చెల్లించినదేమిటి? వచ్చిన మిగులును ఎటు ఖర్చు చేశారు? విలాసపు సెడాన్ మనలో చాలామంది వాకిట నిలువకపోవచ్చును. కాని టర్బోచార్జరు నేడు సామాన్యుని కారులోకి, మనం ఎక్కే బస్సులోకి, సరుకులు మోసే లారీలోకి వచ్చినది. దానిని నడిపేవారు దాని గుణదోషాలు ఎరిగి ఉండడం అవసరం. తగిన నూనెను వేళకు మార్చాలి. దూరం వేగంగా నడిపిన వెంటనే ఇంజను కట్టివేయక, నిమిషమో అరనిమిషమో నెమ్మదిగా తిరగనిస్తే, కాగుతున్న ఇరుసును నూనె చల్లబరుస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా పెడలుపై పాదాన్ని అదుపులో ఉంచుకోవాలి.

అవ్వా బువ్వా రెండూ దొరికాయా అన్న ప్రశ్నకు జవాబు ఇది: రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, ఒకే పూట దొరకవు. ఈ నియమం తెలిసి వాడుకొన్నవానికి టర్బో యంత్రం మేలైన సేవకుడు. తెలియక వాడినవానికి అది పెట్రోలు బంకు యజమానికి మాత్రమే మిత్రుడు.